మూడేళ్ల వారంటీ కొనాలా అని అడిగిన పిల్లలకు

హనుమకొండ

చిరంజీవి శ్రావ్యకు, చిరంజీవి కార్తీక్‌కు తాత ఆశీస్సులు.

ఇక్కడ నేను, బాపమ్మ క్షేమం. శనివారం సాయంత్రం శ్రావ్య కరీంనగర్‌లో ఫ్రిజ్ కొంటూ బిల్లు కౌంటర్ దగ్గర నుంచి ఫోన్ చేసింది. "తాతా, ఇంకో 3,499 కడితే మొత్తం మూడేళ్లు వారంటీ వస్తుందంటున్నారు. కట్టమంటావా? వెనుక జనం నిలబడి ఉన్నారు, తొందరగా చెప్పు" అంది. ఇప్పుడు వద్దు బిడ్డా అన్నాను. ఎందుకు వద్దన్నానో ఆ హడావిడిలో చెప్పలేకపోయాను. కార్తీక్ వచ్చే నెల ల్యాప్‌టాప్ కొంటాడట, వాడికీ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. అందుకే ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. ముప్పై ఏళ్లు ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, ఏసీలు విప్పి బాగుచేసి ఇల్లు నడిపినవాణ్ని. ఈ విషయంలో నా మాట కాస్త నిదానంగా వినండి.

ముందు ఆ మూడేళ్ల లెక్క చూడండి. మొదటి ఏడాది వారంటీ కంపెనీ ఎలాగూ ఇస్తుంది, దాని ధర ఫ్రిజ్ ధరలోనే ఉంది. అంటే 3,499 పెట్టి మీరు కొనేది రెండేళ్లు. అవి మొదలయ్యేది కూడా ఏడాది గడిచాకే. ఇక ఆ రెండేళ్లలోనూ కొంత భాగం మీ చేతిలో ముందే ఉంది. ఫ్రిజ్‌తో పాటు వచ్చిన కార్డు విప్పి చూడు శ్రావ్యా. చాలా కంపెనీలు కంప్రెషర్‌కు విడిగా పదేళ్ల వారంటీ ఇస్తున్నాయి. వాషింగ్ మెషీన్ మోటారుకూ అలాగే ఇస్తారు. ఫ్రిజ్‌లో అన్నిటికన్నా ఖరీదైన భాగం కంప్రెషరే. దాని భయంతోనే జనం అదనపు వారంటీ కొంటారు. ఆ భయానికి మందు మాత్రం అట్టపెట్టెలోనే ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు.

అయితే ఆ పదేళ్ల మాటలోనూ ఒక కిటుకు ఉంది. కంప్రెషర్ పోతే కొత్త కంప్రెషర్ ఉచితంగా ఇస్తారు. దాన్ని బిగించిన కూలి, గ్యాస్ నింపిన ఖర్చు చాలా కార్డుల్లో మనమీదే వేస్తారు. అంత పెద్ద అక్షరాలతో పదేళ్లు అని రాసి, మళ్లీ రెండు మూడు వేలు ఎందుకు అడుగుతున్నారని నాతో గొడవపడ్డవాళ్లు ఎందరో. అదనపు వారంటీ కొనాలనిపించినప్పుడు ఈ కూలీ గ్యాసూ అందులో ఉన్నాయా అని అడగండి. ఉన్నాయంటే దానికి కొంత విలువ ఉంది. లేవంటే మిగిలేది చిన్న చిన్న భాగాలే.

యంత్రాల జబ్బులు మనుషుల జబ్బుల్లాగే ఉంటాయి. పసితనంలో కొన్ని వస్తాయి, వయసు మళ్లాక కొన్ని వస్తాయి. ఫ్యాక్టరీలో టంకం సరిగా అంటకపోయినా, పైపు అతుకు దగ్గర సన్నని రంధ్రం ఉన్నా మొదటి నెలల్లోనే బయటపడుతుంది, కంపెనీ ఖర్చుతో బాగవుతుంది. ఆ గండం దాటిన యంత్రం ఏడెనిమిదేళ్లు నిశ్చింతగా తిరుగుతుంది. ఆ తర్వాత రబ్బర్లు గట్టిపడతాయి, బేరింగులు అరుగుతాయి. కార్తీక్, మీ డిప్లొమా పుస్తకాల్లో దీన్ని స్నానపు తొట్టె ఆకారంలో గీసి చూపిస్తారు: మొదట ఎత్తు, మధ్యలో చదును, చివర మళ్లీ ఎత్తు. అదనపు వారంటీ పడేది సరిగ్గా ఆ చదును మీద. నా దుకాణానికి రెండో ఏడు, మూడో ఏడు నడుస్తున్న ఫ్రిజ్‌లు వచ్చింది తక్కువ. వచ్చినవాటిలోనూ రిలే పోవడం, తలుపు రబ్బరు వదులవడం, సెన్సర్ చెడడం వంటివే ఎక్కువ. వాటికి పెద్ద ఖర్చు కాదు.

మరి ఖరీదైన జబ్బులు ఆ మధ్య కాలంలో రావా అంటే వస్తాయి. ఎక్కడ నుంచి వస్తాయో చెబుతాను, రెండూ నేను కళ్లారా చూసినవే.

మొన్న వేసవిలో పక్కింటివాళ్ల ఏసీ ఆగిపోయింది. కొని రెండేళ్లు కాలేదు, అదనపు వారంటీ కూడా ఉంది. వచ్చిన టెక్నీషియన్ డాబా మీద బయటి యూనిట్ మూత విప్పుతుంటే నేనూ పక్కనే నిలబడ్డాను. లోపల బోర్డు మీద ఒక బల్లి ఎండి అతుక్కుపోయి ఉంది. తల ఒక కొస మీద, తోక ఇంకో కొస మీద, దాని కింద వేలెడంత నల్లటి మచ్చ. బోర్డు కమురు వాసన ఇంకా పోలేదు. ఆ అబ్బాయి ఏమీ అనలేదు. ఫోన్ తీసి దగ్గర నుంచి రెండు ఫోటోలు తీసుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత జవాబు వచ్చింది: పురుగులు, ఎలుకలు, బల్లుల వల్ల జరిగిన నష్టానికి వారంటీ వర్తించదని. కాగితాల్లో ఆ మాట ముందునుంచీ ఉంది, తొమ్మిదో పేజీలో. కొనేటప్పుడు వాళ్లకు చూపించింది మొదటి పేజీ ఒక్కటే. ఆ ఇంటామె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె కట్టిన డబ్బు గురించి తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

రెండోది కరెంటు. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేస్తుంది కదా. ఒకసారి మా వీధిలో కొమ్మ పడి న్యూట్రల్ తీగ తెగింది. 230 వోల్టులు రావలసిన ఇళ్లలోకి 400 దాకా వచ్చే ప్రమాదం అప్పుడే ఉంటుంది. బల్బులు తెల్లగా వెలిగి టపటపమని పేలిపోయాయి. మూడిళ్లలో టీవీలు, ఒక ఇంట్లో ఫ్రిజ్ బోర్డు కాలిపోయాయి. దీనికీ వారంటీ లేదు. వోల్టేజి హెచ్చుతగ్గులకు, పిడుగుకు మేము బాధ్యులం కామని దాదాపు ప్రతి కార్డులోనూ ఉంటుంది. మా ఇంట్లో ఆ రోజు ఏమీ కాలేదు. ఎక్కువ వోల్టేజి రాగానే కరెంటు ఆపేసే స్టెబిలైజర్ ఉంది, ఎర్తింగ్ గుంత సరిగా ఉంది. ఫ్రిజ్ స్టెబిలైజర్ రెండు వేల చుట్టుపక్కల దొరుకుతుంది. ఆ 3,499 పెట్టదలిస్తే ముందు దీనికి పెట్టు శ్రావ్యా. అద్దె ఇల్లు కాబట్టి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు.

వాషింగ్ మెషీన్ సంగతి కూడా ఇంతే. బోరు నీళ్లలోని సున్నం హీటర్ మీద తెల్లటి పెంకులా పేరుకుంటుంది. దానివల్ల పాడైతే నీటి నాణ్యత అని రాసి చేతులు దులుపుకుంటారు.

ఇక మనసులో పెట్టుకోవలసిన అసలు లెక్క. అదనపు వారంటీ అనేది బీమా. బీమా ఎందుకు చేస్తాం? జరిగితే మనం తట్టుకోలేని నష్టానికి చేస్తాం. నాకు ఆరోగ్య బీమా ఉంది, మీ నాన్న బండికి బీమా ఉంది, అవి తప్పకుండా కావాలి. మూడు వేల మరమ్మతు వస్తే శ్రావ్య ఇల్లు కూలిపోదు. ఆ నెల కాస్త చేయి బిగిస్తే సరిపోతుంది. పైగా ఆ 3,499 అంతా మరమ్మతులకు పోదు. అమ్మినవాళ్ల కమిషన్, దుకాణం లాభం, కంపెనీ ఖర్చులు, 18 శాతం జీఎస్టీ పోగా మిగిలినదే మరమ్మతులకు. కౌంటర్ దగ్గరి అబ్బాయి అంతగా ఎందుకు బతిమాలుతాడో ఇప్పుడు అర్థమైందా? అతని మీద కోపం పెట్టుకోకండి, అతనికి నెలనెలా ఇన్ని అమ్మాలని లక్ష్యం పెడతారు. మర్యాదగా వద్దని చెప్పండి. వాయిదాల్లో కలిపి "నెలకు 150 రూపాయలే కదా" అన్నా మొత్తం ఎంతో కాగితం మీద వేయించుకుని చూడండి.

ఇంట్లో ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషీన్, ఏసీ, గీజర్, ల్యాప్‌టాప్ అని ఆరు వస్తువులు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కదానికి మూడు వేల చొప్పున 18,000 వారంటీలకే పోతుంది. రెండు మూడేళ్లలో అన్నీ ఒక్కసారి చెడిపోవు. రెండు మరమ్మతులు వచ్చి మూడేసి వేలు అయ్యాయనుకున్నా 12,000 మీ దగ్గరే ఉంటాయి. బాపమ్మ చేసింది ఇదే. ఏ వస్తువు కొన్నా దుకాణంవాళ్లు అడిగిన వారంటీ మొత్తాన్ని పోస్టాఫీసు పొదుపు ఖాతాలో వేసేది. 500 రూపాయలతో ఆ ఖాతా తెరుస్తారు. మా పాత ఫ్రిజ్‌కు గ్యాస్ నింపించింది, మిక్సీ మోటారు చుట్టించింది, కిందటి ఏడు కొత్త గీజర్ కొన్నది, అన్నీ అందులో నుంచే. ఆ డబ్బుకు బల్లి షరతు లేదు, వోల్టేజి షరతు లేదు.

అన్నిచోట్లా వద్దని చెప్పడం లేదు. పెద్ద టీవీకి ప్యానెల్, అంటే తెర, పోతే కొత్తది వేయించే ఖర్చు టీవీ ధరకు దగ్గరగా వస్తుంది, బాగుచేసే మార్గమే ఉండదు. ప్యానెల్ కూడా వర్తిస్తుందని స్పష్టంగా రాసి ఉంటే, ధర టీవీ ఖరీదులో చిన్న వంతైతే, తయారుచేసిన కంపెనీ దగ్గరే తీసుకోవచ్చు. కార్తీక్, నీ ల్యాప్‌టాప్ రోజూ సంచిలో బస్సెక్కి దిగుతుంది. నీకు భయం కిందపడి తెర పగలడం, నీళ్లు ఒలకడం. అవి మామూలు వారంటీలో గానీ, దాన్ని పొడిగించినదానిలో గానీ రావు. ప్రమాదాలకు వేరే పథకం ఉంటుంది. నీకు కావలసింది అదైతే పేరు సరిగ్గా అడిగి, ఏడాదికి ఎన్నిసార్లు బాగుచేస్తారో, ప్రతిసారీ మన వాటా ఎంతో చూసి తీసుకో. నువ్వు ఫోన్‌ను ఎన్నిసార్లు కింద పడేశావో నాకు తెలుసు కాబట్టి, ధర న్యాయంగా ఉంటే నీకు తీసుకోమనే చెబుతాను.

ఎవరి దగ్గర కొంటున్నారన్నది చాలా ముఖ్యం. ఒకప్పుడు నేనే ఒక దుకాణంలో టీవీకి మూడేళ్ల పథకం కొన్నాను. అది కంపెనీది కాదు, ఎవరో మూడోవాళ్లది. మూడో ఏట టీవీ ఆగితే కార్డు మీది నంబరు పలకలేదు, దుకాణం షట్టర్ మీద అద్దెకు ఇవ్వబడును అని బోర్డు ఉంది. ఆ రోజు నుంచి మూడోవాళ్ల కాగితం ముట్టలేదు. పైగా చాలా కంపెనీలు మొదటి ఏడాది వారంటీ అయిపోయేలోపు ఎప్పుడైనా పొడిగించుకోనిస్తాయి. అందుకే శనివారం "ఇప్పుడు వద్దు" అన్నాను. కొన్న పదో నెలలో చూద్దాం. ఈలోపు ఫ్రిజ్ తరచూ ఇబ్బంది పెడితే ఆలోచిద్దాం.

చట్టం మీకు ఉచితంగా ఇచ్చిన రక్షణ ఒకటుంది, దాన్ని మరిచిపోవద్దు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. వస్తువులో లోపం ఉంటే బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం ఆ చట్టం ప్రకారం తప్పు. ఇది కొంటేనే అది ఇస్తామని ముడిపెట్టడమూ తప్పే. వారంటీ తీసుకుంటేనే తగ్గింపు ధర అని ఎవరైనా అంటే ఆ మాట కాగితం మీద రాసిమ్మని అడగండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కరీంనగర్‌లోనూ ఉంది, ఇక్కడా ఉంది. దుకాణం ఎక్కడున్నా మీరు ఉండే ఊళ్లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు, గడువు రెండేళ్లు. కానీ చేతిలో బిల్లు ఉండాలి. ఇప్పుడిచ్చే బిల్లులు వేడికి అచ్చయ్యే కాగితం మీద వస్తున్నాయి. కిందటి ఎండాకాలం తర్వాత మా బీరువాలో తీసి చూస్తే ఒక బిల్లు తెల్లకాగితమై పోయింది, అంచున దుకాణం పేరులో రెండక్షరాలు మిగిలాయి. బిల్లు ఇంటికి తేగానే ఫోటో తీసుకోండి.

శ్రావ్యా, ఫ్రిజ్ వచ్చాక గోడకు ఆనించకుండా నాలుగైదు వేళ్ల ఎడం ఉంచు, వేడి పోవాలి. పడుకోబెట్టి తెచ్చి ఉంటే కొన్ని గంటలు నిలబెట్టి ఉంచి అప్పుడు స్విచ్ వెయ్యి. వారంటీ కార్డు అన్ని పేజీలూ ఫోటో తీసి నాకు పంపు, చివరి పేజీ వరకు. నేను చదివి ఏమేమి వర్తిస్తాయో గీతలు గీసి తిరిగి పంపుతాను. కార్తీక్, ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్లే రోజు ముందుగా ఫోన్ చెయ్యి, నేను కూడా వస్తాను. బాపమ్మ మీకోసం సకినాలు చేసి డబ్బాలో పెట్టింది.

ఇట్లు
మీ తాత