పుస్తకం మూసి చెప్పమనండి

మా చిన్నప్పుడు సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఇంట్లో తప్పకుండా వినిపించే మాట ఒకటుండేది: "ఏదీ, పాఠం అప్పజెప్పు." పుస్తకం అమ్మ చేతికిచ్చి, ఎదురుగా నిలబడి చెప్పాలి. ఎక్కాలైనా, వేమన పద్యమైనా, అశోకుడి పాలనైనా అంతే. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ పని ట్యూషన్‌కు, స్టడీ అవర్స్‌కు వెళ్లిపోయింది. ఇంట్లో మిగిలింది "చదువుతున్నావా?" అనే కేక ఒక్కటే. జ్ఞాపకశక్తి మీద జరిగిన పరిశోధనలు చదివినకొద్దీ, తల్లిదండ్రులు చేయగలిగిన పెద్ద సాయం ఆ అప్పజెప్పించుకోవడంలోనే ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది. పాత పద్ధతిలో కొన్ని మార్చుకోవాలి, అంతే.

2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ కాలేజీ విద్యార్థులకు సైన్సు విషయాల మీద చిన్న వ్యాసాలు ఇచ్చి చదివించారు. ఒక వ్యాసాన్ని రెండోసారి కూడా చదవమన్నారు. ఇంకో వ్యాసాన్ని మళ్లీ చూపించలేదు, గుర్తున్నదంతా కాగితం మీద రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివిన వ్యాసమే ఎక్కువ గుర్తుంది: 81 శాతం, రెండోదానిలో 75. వారం తర్వాత లెక్క తిరగబడింది. రెండుసార్లు చదివినదాంట్లో 42 శాతమే మిగిలింది. చూడకుండా రాసినదాంట్లో 56 శాతం నిలిచింది.

వాళ్లే చేసిన మరో ప్రయోగంలో కొందరు నాలుగుసార్లు చదివారు, ఇంకొందరు ఒకసారి చదివి మూడుసార్లు గుర్తు తెచ్చుకుని రాశారు. వారం తర్వాత మొదటివాళ్లకు 40 శాతం, రెండోవాళ్లకు 61 శాతం గుర్తుంది. కానీ "నాకు బాగా గుర్తుంటుంది" అనే నమ్మకం ఎక్కువగా ఉన్నది నాలుగుసార్లు చదివినవాళ్లకే! "అంతా చదివానమ్మా" అన్న పిల్ల పరీక్ష హాల్లో బిత్తరపోవడానికి కారణం ఇక్కడుంది. ఆ పిల్ల అబద్ధమాడలేదు. పెళ్లిలో ఎదురైన మనిషిని చూడగానే గుర్తుపడతాం, పేరు మాత్రం ఎంతకీ రాదు. పేజీ కళ్లముందు ఉన్నప్పుడు కూడా అంతే, అన్నీ తెలిసినవిగానే కనిపిస్తాయి. పరీక్ష అడిగేది ఆ రాని పేరునే. దాన్ని లోపలినుంచి బయటికి తెచ్చుకున్న ప్రతిసారీ, తర్వాతిసారి తెచ్చుకోవడం ఇంకాస్త సులువవుతుంది.

మరి ఎప్పుడు అడగాలి? చదవడం అవగానే అడిగితే గడగడా చెప్పేస్తారు, మనకూ తృప్తిగా ఉంటుంది. కానీ దానివల్ల ఒరిగేది తక్కువ. జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల గుంపులను బట్టీపట్టి, తన మతిమరుపును తానే కొలుచుకుని 1885లో ఆ లెక్కలు ప్రచురించాడు. నేర్చిన తొలి గంటల్లోనే చాలా భాగం జారిపోతుంది, తర్వాత ఆ వేగం తగ్గుతుంది. అందుకే ఈరోజు పాఠాన్ని రేపు అడగాలి, మళ్లీ ఆదివారం ఇంకోసారి అడగాలి. కాస్త మరిచిపోయి, తడుముకుని తెచ్చుకున్నదే గట్టిపడుతుంది.

పాత పద్ధతిలో వదిలేయాల్సింది భయం. పక్కన బెత్తం పెట్టుకుని అడగడం క్రూరత్వమే కాదు, దానివల్ల పని కూడా చెడుతుంది. 2000లో జ్యూరిక్ పరిశోధకులు ముందురోజు కొన్ని పదాలు నేర్చుకున్నవాళ్లకు, పరీక్షకు గంట ముందు కార్టిసోన్ మాత్ర ఇచ్చారు. అది టెన్షన్ పడినప్పుడు ఒంట్లో పెరిగే హార్మోన్ చేసే పనే చేస్తుంది. మాత్ర వేసుకున్నవాళ్లు గుర్తు తెచ్చుకోగలిగిన పదాలు తగ్గిపోయాయి. నేర్చుకున్నది లోపలే ఉంది, బయటికి రాలేదు. నిన్న బాగా చెప్పిన బిడ్డ నాన్న గొంతు పెంచగానే నోరు పెగలక నిలబడితే, అది మొండితనం కాదు.

ఇంకొకటి, అడిగాక ఆగాలి. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త తరగతి గదుల్లో టీచర్లు ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో కొలిచింది. సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పారు. ఇంట్లో మనమూ "తెలీదా? నేను చెప్తా" అని తొందరపడుతుంటాం. ఆ తొందరే ఎక్కువ నష్టం చేస్తుందని నా నమ్మకం.

"మాకు ఇంగ్లీషు రాదు, ఏం అడగగలం?" అనే తల్లిదండ్రులు నాకు చాలామంది తెలుసు. పద్యమో ఎక్కమో అయితే పొల్లుపోకుండా చెప్పించుకోవాల్సిందే. సైన్సు, సోషల్ మాత్రం "నాకు అర్థమయ్యేలా చెప్పు" అని తెలుగులో అడగండి. 1994లో మిషెలీన్ చీ బృందం ఎనిమిదో తరగతి పిల్లలకు రక్తప్రసరణ పాఠం ఇచ్చింది. కొందరిని రెండుసార్లు చదవమంది. మిగతావాళ్లను ప్రతి వాక్యం దగ్గరా ఆగి, దాన్ని సొంత మాటల్లో వివరించుకోమంది. వివరించుకున్నవాళ్లకే పాఠం ఎక్కువగా అర్థమైంది. పాఠం తెలియని అమ్మకు చెప్పాలంటే బిడ్డ సొంత మాటలు వెతుక్కోక తప్పదు. అక్కడ అమ్మకు తెలియకపోవడమే పనికొస్తుంది.

మెచ్చుకునేటప్పుడు "నువ్వు తెలివైనదానివి" అనకుండా, చేసిన పనిని పేరుపెట్టి మెచ్చుకోవడం మేలు. తెలివిని పొగిడించుకున్న పిల్లలు ఒక ఓటమి ఎదురవగానే డీలా పడిపోయారని క్లాడియా ములర్, కారల్ డ్వెక్ 1998లో చూపించారు. తర్వాత జరిగిన పెద్ద అధ్యయనాల్లో ఇలాంటి మార్పుల ప్రభావం చిన్నదిగానే కనిపించింది కాబట్టి దీనిమీద మరీ పెద్ద ఆశలు పెట్టుకోనక్కర్లేదు.

రేపు సాయంత్రం కూరగాయలు తరుగుతూ మీ అమ్మాయిని కిరణజన్య సంయోగక్రియ గురించి అడిగి చూడండి. ఇంగ్లీషులో నిర్వచనం ఆగకుండా చెప్పేస్తుంది. "సరేనే, మన వాకిట్లో వేపచెట్టు అంత లావెలా అయింది? మట్టి తిని అయితే కింద గొయ్యి పడాలి కదా?" అనండి. కాసేపు మాట రాదు. ఆ మొద్దులోని పదార్థం ఎక్కువభాగం గాలిలోంచి, నీళ్లలోంచి వచ్చిందని మీరు చెప్పకండి. వంకాయలు తరుగుతూ ఉండండి. పుస్తకం తెరిచి తనే వెతుక్కుంటుంది.