హెచ్‌సీఐ అంటే రంగులు వేయడం కాదు: కొన్ని అపోహలు, అసలు వాస్తవాలు

మూడో సంవత్సరంలో ఎలక్టివ్ ఎంచుకునే రోజులు వచ్చాయంటే కాలేజీ కారిడార్‌లో ఒకటే మాట: "హెచ్‌సీఐ తీసుకోరా, కోడింగ్ ఉండదు, లెక్కలుండవు, రెండు రోజులు చదివితే గట్టెక్కేస్తాం." హెచ్‌సీఐ అంటే హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్. మనిషి యంత్రంతో పని ఎలా చేయించుకుంటాడో, ఎక్కడ తడబడతాడో, ఆ తడబాటు ఎలా తగ్గించాలో చదివే సబ్జెక్టు. కొన్నాళ్లు ఇంటర్‌ఫేస్ డిజైనర్‌గా పనిచేసి, ఇప్పుడు విజయనగరం పక్కన ఒక ఇంజినీరింగ్ కాలేజీలో దీన్ని చెబుతున్నాను. సీఎస్ఈ సిలబస్ మొత్తంలో పిల్లల్ని ల్యాబ్ నుంచి బయటికి తీసుకెళ్లి మన ఊరి మనుషుల పక్కన కూర్చోబెట్టే సబ్జెక్టు ఇది. దీన్ని ఇలా తేలిగ్గా తీసిపారేస్తుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

అపోహ: హెచ్‌సీఐ అంటే ఫిగ్మా నేర్చుకోవడం

ఫిగ్మా యాప్ స్క్రీన్లు గీసే ఒక పనిముట్టు. అది అందరికీ అందుబాటులోకి వచ్చింది 2016లో. అంతకుముందు స్కెచ్, దానికీ ముందు ఫోటోషాప్. రేపు ఇంకోటి వస్తుంది. సబ్జెక్టు మాత్రం వీటన్నిటికంటే పాతది. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో దాదాపు వెయ్యిమంది ముందు మౌస్‌ని వాడి చూపించింది 1968 డిసెంబరులో. ఈ రంగంలో పెద్ద సదస్సు సీహెచ్ఐ మొదలైంది 1982లో. ఏసీఎం, ఐఈఈఈ అనే అంతర్జాతీయ వృత్తి సంస్థలు కలిసి 2013లో ఇచ్చిన కంప్యూటర్ సైన్స్ పాఠ్యప్రణాళికలో 18 విభాగాలుంటే, అందులో ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ సరసన హెచ్‌సీఐ కూడా ఒకటి. పక్క సబ్జెక్టు కాదు, మూల సబ్జెక్టు.

ఇంతకీ ఇందులో చూసేదేంటి? ఐఎస్ఓ 9241-11 అనే ప్రమాణం సూటిగా చెబుతుంది. ఫలానా మనిషి, ఫలానా పరిస్థితిలో, ఫలానా పని కోసం వాడినప్పుడు పని పూర్తయిందా, ఎంత శ్రమ పట్టింది, ఆ మనిషికి తృప్తిగా ఉందా. స్క్రీన్ ఎంత అందంగా ఉన్నా మొదటి ప్రశ్నకి "లేదు" అని జవాబొస్తే ఆ డిజైన్ ఫెయిలైనట్టే.

అపోహ: లెక్కలుండవు

ఉంటాయి. పాల్ ఫిట్స్ అనే మనస్తత్వవేత్త 1954లో, అంటే మౌస్ పుట్టకముందే, చేతిలో పుల్ల లాంటి స్టైలస్ ఇచ్చి రెండు లోహపు పలకల్ని మార్చి మార్చి తాకమన్నాడు. పలక ఎంత దూరంలో ఉంటే, ఎంత సన్నగా ఉంటే అంత సమయం పడుతోంది. ఈ సంబంధాన్ని సూత్రంగా రాశాడు. ఇప్పుడు మనం ఎక్కువగా వాడే రూపంలో దూరాన్ని లక్ష్యం వెడల్పుతో భాగించి, ఒకటి కలిపి, 2 ఆధారంగా లాగరిథమ్ తీస్తే కష్టం ఎన్ని బిట్లో తెలుస్తుంది.

బొటనవేలు ఫోన్ మీద 60 మిల్లీమీటర్లు కదలాలనుకోండి. బటన్ వెడల్పు 4 మిల్లీమీటర్లయితే 60ని 4తో భాగిస్తే 15, ఒకటి కలిపితే 16, అంటే 4 బిట్లు. అదే బటన్ 20 మిల్లీమీటర్లు చేస్తే 3కి ఒకటి కలిపి 4, అంటే 2 బిట్లు. కష్టం సగమైంది. 1978లో జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం 'పార్క్'లోని పరిశోధకులు మౌస్‌ని, జాయ్‌స్టిక్‌ని, కీలని పోల్చి చూసి మౌస్‌దే పైచేయి అని తేల్చారు. మౌస్ వేగాన్ని వివరించడానికి వాళ్లకు పనికొచ్చింది కూడా ఈ సూత్రమే. "క్యాన్సిల్" పక్కనే అంటుకుని ఉన్న చిన్న "పే" బటన్ మీద వేలు జారి డబ్బులు పోగొట్టుకున్న వాళ్లకి ఈ లాగరిథమ్ విలువ బాగా తెలుసు.

ఇంకో లెక్క ఎస్‌యూఎస్, అంటే సిస్టమ్ యూజబిలిటీ స్కేల్. వాడటం ఎంత సులువో వాడినవాళ్లనే అడిగి కొలిచేది. జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన పది వాక్యాల ప్రశ్నావళి. ఒక్కోదానికి 1 నుంచి 5 మధ్య మార్కు. బేసి సంఖ్య వాక్యాల్లో మార్కు నుంచి ఒకటి తీసేయాలి, సరి సంఖ్య వాక్యాల్లో 5 నుంచి మార్కు తీసేయాలి, అన్నీ కలిపి 2.5తో గుణించాలి. 0 నుంచి 100 లోపు స్కోరొస్తుంది. సగటు 68 దగ్గర ఉంటుంది. 70 రాగానే ఫస్ట్ క్లాస్ వచ్చిందని పిల్లలు సంబరపడతారు. అది శాతం కాదు, సగటు కంటే కాస్త పైన ఉన్నామని మాత్రమే అర్థం.

అపోహ: మనకి అర్థమైతే అందరికీ అర్థమవుతుంది

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇది. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మా పిల్లల టీం ఒకటి ఆస్పత్రి ఓపీ టోకెన్ తీసుకునే యాప్ ఆలోచన చేసింది. కోడ్ రాయనివ్వలేదు. ఏ4 కాగితాల మీద ఒక్కో స్క్రీన్ పెన్సిల్‌తో గీయమన్నాను. ఒకరు కంప్యూటర్ పాత్ర వేస్తారు. ఎదుటి మనిషి కాగితం మీద ఎక్కడ వేలు పెడితే దానికి తగ్గ తర్వాతి కాగితం ముందుకు జరుపుతారు. ఒకరు రాసుకుంటారు. నియమం ఒక్కటే: "అక్కడ నొక్కండమ్మా" అని అనకూడదు.

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం కూర్చున్న ఒక పెద్దావిడ సరేనంది. గజపతినగరం వైపు పల్లె నుంచి ఆస్పత్రి పని మీద వచ్చిందట. మొదటి కాగితం మీద మూల నున్న మూడు గీతల్ని చూసి "ఈ గీతలేటి బాబూ?" అంది. మెనూ దాని వెనకే ఉంది. పిల్లాడు చెప్పబోయి ఆగాడు. ఆవిడ వాటిని వదిలేసి, పెద్దగా గీసిన "టోకెన్" గడి మీద వేలు పెట్టింది. తర్వాత ఫోన్ నంబర్, ఆ తర్వాత ఓటీపీ. 30 సెకన్ల గడియారం కూడా గీశారు మా వాళ్లు. అక్కడ ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఓటీపీ మా పెద్దోడి ఫోన్‌కి ఎల్తాది బాబూ. ఆడు చెన్నైలో ఉన్నాడు. డ్యూటీలో ఉంటే ఫోనెత్తడు."

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎన్ని ఇళ్లలో ఇదే పరిస్థితో ఇక్కడివాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. పిల్లలు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పనికెళ్తారు. నంబర్ వాళ్లది, పని ఇక్కడివాళ్లది. ఆ 30 సెకన్ల గడియారం మా పిల్లలు పెద్ద యాప్‌లని చూసి పెట్టిందే. ఆ సాయంత్రం దాన్ని తీసేసి, టోకెన్ ఇవ్వడానికి అసలు ఓటీపీ ఎందుకని వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. చివరికి పేరు, ఊరు, డిపార్ట్‌మెంట్ చాలన్నారు. తరగతి గదిలో ఎన్ని గంటలు చెప్పినా ఈ వాదన పుట్టేది కాదు.

ఒకరి కోసం ఇంకొకరు యాప్ వాడటం మన దగ్గర మామూలు విషయం. కొడుకు, మనవరాలు, సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్, మీసేవలో కుర్రాడు. భారతదేశంలో దీని మీద చేసిన పరిశోధన 2010 సీహెచ్ఐ సదస్సులో వచ్చింది. ఒక ఫోన్‌కి ఒక మనిషి అన్న లెక్క ఇక్కడ కుదరదు.

పలాస వెళ్లండి. జీడిపిక్కల పనిచేసే ఆడవాళ్ల వేళ్లు చూడండి. తొక్కలోంచి వచ్చే జీడి రసం చర్మాన్ని కాల్చేస్తుంది, వేలి గీతలు చెరిగిపోతాయి. వేలిముద్ర యంత్రం "మళ్లీ పెట్టండి, మళ్లీ పెట్టండి" అంటుంటే, తప్పు తమదేమో అన్నట్టు చీర కొంగుతో వేలు తుడుచుకుంటారు. తప్పు వాళ్లది కాదు. వేలిముద్ర ఒక్కటే దారిగా పెడితే డిజైన్‌ది తప్పు. ఐరిస్, ఓటీపీ, ముఖ గుర్తింపు ఆధార్‌లో ఉన్నాయి. ఏ యంత్రం దగ్గర ఏ దారి తెరిచి ఉంచాలో ఆలోచించడం ఇంజినీర్ పని.

అపోహ: ఐదుగురితో టెస్ట్ చేస్తే చాలు

దీని వెనక నిజమైన లెక్క ఉంది. జాకబ్ నీల్సన్, థామస్ లాండౌర్ అనే పరిశోధకులు 1993లో తాము చూసిన ప్రాజెక్టుల్లో ఒక్కో మనిషి దగ్గర సగటున 31 శాతం లోపాలు బయటపడుతున్నాయని లెక్కగట్టారు. ఆ లెక్కన ఐదుగురితో సుమారు 84 శాతం దొరుకుతాయి. కానీ ఆ 31 శాతం సగటు మాత్రమే. పదిమందిలో ఒకరికే ఎదురయ్యే లోపమైతే ఐదుగురిలో అది కనబడే అవకాశం 41 శాతమే. పైగా ఐదుగురూ మీ హాస్టల్ రూమ్మేట్లే అయితే ఒక్కరితో చేసినట్టే. విద్యార్థులు, రైతులు, ఆశా కార్యకర్తలు వాడేదైతే ఒక్కో రకానికి వేరుగా మనుషులు కావాలి. రెండు డిజైన్లలో ఏది వేగమో తేల్చాలంటే ఐదుగురు అస్సలు చాలరు.

అపోహ: మెనూలో ఏడు కంటే ఎక్కువ ఉండకూడదు

జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వవేత్త 1956 వ్యాసం పేరు చెప్పి దీన్ని పరీక్షల్లో కూడా రాస్తారు. ఆయన మాట్లాడింది మనసులో గుర్తుపెట్టుకోగలిగే వాటి గురించి. మెనూ కళ్లెదురుగానే ఉంటుంది, గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. వరస బాగుంటే పన్నెండున్నా ఇబ్బంది లేదు.

అపోహ: చదువురాని వాళ్లకి బొమ్మలు పెడితే సరిపోతుంది

బొమ్మల్ని చదవడం కూడా నేర్చుకుంటేనే వస్తుంది. ఇంద్రాణి మేధి అనే పరిశోధకురాలు బెంగళూరులో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లతో ఏళ్లతరబడి దీని మీద పనిచేశారు. అక్షరాల్లేని స్క్రీన్ ఇచ్చినా, ఈ యాప్ ఎవరి కోసం, ఎందుకు, సమాచారం అందులోకి ఎలా వస్తుందో తెలియకపోతే వాళ్లు ముట్టుకోవడానికే వెనకాడారు. అదంతా కథలా చూపించే వీడియో ముందు పెట్టాక ధైర్యం వచ్చింది.

అసలు ఇంటర్‌ఫేస్ అంటే స్క్రీనే కానక్కర్లేదు. విజయనగరం గంటస్తంభం దగ్గర పూలమ్మే ఆమె చేతులెప్పుడూ తడిగానే ఉంటాయి. ఫోన్ తీసి చూసే పని లేకుండా "ఇరవై రూపాయలు అందాయి" అని సౌండ్ బాక్స్ తెలుగులో చెబుతుంది. చేసిన పనికి వెంటనే స్పందన తెలియాలని మేం చెప్పే పాఠానికి నేను చూసిన వాటిలో అది చక్కటి ఉదాహరణ.

అపోహ: యాక్సెసిబిలిటీ కొద్దిమంది కోసం

యాక్సెసిబిలిటీ అంటే చూపు, వినికిడి లాంటి ఇబ్బందులున్నవాళ్లూ వాడగలిగేలా చేయడం. తెల్ల నేపథ్యం మీద లేత బూడిద రంగు అక్షరాలు ఇప్పుడు ఫ్యాషన్. రంగు కోడ్ 999999 తీసుకుంటే తెలుపుతో దాని కాంట్రాస్ట్ 2.85 మాత్రమే. వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు అక్షరాలకి కనీసం 4.5 అడుగుతుంది. 767676 కోడ్ ఆ గీత దాటుతుంది. ఆ తేడా శుక్లం వచ్చిన తాతకే కాదు, మధ్యాహ్నం ఎండలో బస్టాప్‌లో నిలబడ్డ మీకూ కావాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో చెప్పింది. ఇది దయ కాదు, బాధ్యత.

అపోహ: తెలుగు చివర్లో అనువదించి పెట్టుకోవచ్చు

ఇంగ్లీషు కోసం కొలిచిన పెట్టెలో తెలుగు కూరితే పైన గుడి, కింద వత్తు తెగిపోతాయి. "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటలు పెట్టి చూడండి, వరసల మధ్య ఖాళీ ఎంత కావాలో మీకే తెలుస్తుంది. మాటలు కూడా పొడుగు, బటన్ వెడల్పు ముందే వదిలిపెట్టాలి. తెలుగు లిపిని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జ్ఞా అక్షరాన్ని ఒక ప్రత్యేక యూనికోడ్ వరసలో పంపితే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఐఓఎస్ 11.2.6 వచ్చాకే అది ఆగింది. డిజైన్ మొదటిరోజే అసలైన తెలుగు వాక్యాలతో స్క్రీన్ గీయమని నా పిల్లలకి చెప్పేది అందుకే.

అపోహ: ఏఐ వచ్చింది, ఇక ఈ చదువుతో ఉద్యోగం రాదు

ఏఐ నిమిషంలో పది స్క్రీన్లు గీసిస్తుంది, నిజం. స్క్రీన్లు గీయడమే పని అనుకున్నవాళ్లకి టెన్షన్ సహజం. ఆ పదిలో గజపతినగరం ఆవిడకి పనికొచ్చేది ఏదో తేల్చడానికి మాత్రం ఎవరో ఒకరు వెళ్లి పక్కన కూర్చోవాలి.

బొమ్మలు బాగా గీయడం వచ్చి తీరాలా అని చాలామంది అడుగుతారు. సబ్జెక్టుకి గీతలు, గడులు గీయగలిగితే చాలు. ఐఐటీల్లో ఎండెస్, అంటే డిజైన్‌లో పీజీ, చేయాలనుకుంటే మాత్రం ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్ష రాయాలి. దాని పార్ట్-బిలో చేత్తో గీయాల్సిన ప్రశ్నలుంటాయి కాబట్టి సాధన చేయాలి. బీటెక్ చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లూ రాయొచ్చు, వయోపరిమితి లేదు. అంత దూరం వద్దనుకునే వాళ్లకి ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఈ సబ్జెక్టు మీద పాఠాలు ఉచితంగానే ఉన్నాయి, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు.

పోర్ట్‌ఫోలియోలో ఇరవై అందమైన స్క్రీన్లు పెట్టకండి. ఒక్క ప్రాజెక్టు పెట్టండి. మొదటి పెన్సిల్ బొమ్మ, ఎవరు ఎక్కడ ఆగారు, ఏం మార్చారు, మార్చాక పని పూర్తవడానికి పట్టే సమయం ఎంత తగ్గింది, ఇవన్నీ వరసగా ఉండాలి. ఇంటర్వ్యూలో నేను కూర్చున్నప్పుడు ముందు అడిగేది వీటిలో రెండోదే: ఎవరు ఎక్కడ ఆగారు?