లక్ష పిల్లలు సరే, తల్లులెన్ని?

అంతరించిపోతున్న చేపను కాపాడటమంటే చాలాకాలం ఒకటే లెక్క ఉండేది. ఇన్ని గుడ్లు తీశాం, ఇన్ని పిల్లల్ని నదిలో వదిలాం. అంకె పెద్దదైతే పని బాగా జరిగినట్టే. అవి ఎవరి పిల్లలు, పెద్దయ్యాక వాటికీ పిల్లలు పుట్టాయా అని ఎవరూ పెద్దగా అడగలేదు. అడిగినా తేల్చే దారి లేదు. చాలా చేపలు గుడ్లనూ వీర్యాన్నీ నీళ్లలో వదిలేసి వెళ్లిపోతాయి. ఏ పిల్లకు ఎవరు తండ్రో ఒడ్డున నిలబడి చూస్తే తెలిసేది కాదు.

తలల లెక్క మోసం చేస్తుందని మాత్రం ముందే తెలుసు. గుంపులో ఎన్ని ఉన్నా, తర్వాతి తరానికి జన్యువులు అందించేవి కొన్నే అయితే దాన్ని చిన్న గుంపుగానే చూడాలని 1931లోనే జన్యుశాస్త్రవేత్త సీవాల్ రైట్ లెక్కగట్టి చూపాడు. 1991లో నిల్స్ రైమన్, లిండా లైక్రె అనే పరిశోధకులు ఈ మాటను నేరుగా హేచరీల (చేపపిల్లల్ని పుట్టించి పెంచే కేంద్రాల) మీదికి తెచ్చారు. పది తల్లిచేపల నుంచి లక్ష పిల్లల్ని తీసి వదిలితే నది నిండినట్టే కనిపిస్తుంది. కానీ అవన్నీ ఆ పది కడుపులవే. సాయం చేయబోయి జాతిని ఇంకా ఇరుకు చేసినట్టు.

అదే ఏడాది అమెరికాలో స్నేక్ నదిలోని సాకై అనే సాల్మన్ చేపను అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చారు. గుడ్లు పెట్టడానికి ఇది పసిఫిక్ నుంచి దాదాపు 1,450 కిలోమీటర్లు ఎదురీది, ఎనిమిది డ్యాములు దాటి, ఐడహోలో సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉన్న రెడ్‌ఫిష్ సరస్సుకు చేరాలి. 1992లో అలా చేరింది ఒక్కటే. అదీ మగది. జనం దానికి ‘లోన్‌సమ్ లారీ’ అని పేరు పెట్టారు. దాని వీర్యాన్ని గడ్డకట్టించి దాచారు. 1991 నుంచి 1998 దాకా సముద్రం నుంచి తిరిగొచ్చినవన్నీ కలిపి 16.

పదహారుతో మొదలుపెట్టినప్పుడు జతకట్టించడంలో ఒక్క పొరపాటు కూడా బరువే. అందుకే హేచరీలో గుడ్లు తీసే ముందు ప్రతి చేప రెక్క అంచున చిన్న ముక్క కత్తిరించి డీఎన్ఏ చూస్తారు. ఏ ఆడదానికి ఏ మగదానితో ఎంత దగ్గరి చుట్టరికమో పట్టిక వేసి, దూరపు వాటినే కలుపుతారు. చేతికందిన రెండింటిని బకెట్‌లో కలిపేసే రోజులు అలా పోయాయి.

ఇక రెండో ప్రశ్న. వదిలిన పిల్లలు ఏమయ్యాయి? ఒరెగాన్‌లోని హుడ్ నది దీనికి జవాబిచ్చింది. అక్కడ పవర్‌డేల్ డ్యామ్ దగ్గర పైకి వెళ్లే స్టీల్‌హెడ్ చేపల్ని పట్టి, పొలుసులు తీసుకుని వదిలేవారు. పొలుసు మీది వలయాలు చూస్తే వయసు తెలుస్తుంది, మొదట్లో వాటి అవసరం అంతే. అదే పొలుసులో డీఎన్ఏ కూడా ఉంది. దాంతో ఏళ్లనాటి చేపల్లో తల్లెవరో, తండ్రెవరో, పిల్లలెవరో గుర్తుపట్టారు. 2007లో అరాకి, కూపర్, బ్లౌయిన్ అనే పరిశోధకులు ఫలితం ప్రకటించారు: హేచరీలో పెరిగిన ఒక్కో తరానికి, నదిలో పిల్లల్ని కనే సామర్థ్యం దాదాపు 40 శాతం పడిపోతోంది. చేపపిల్లకు ఈత నేర్పాలా అంటాం గానీ, తొట్టిలో పుట్టిన చేపకు నది కొత్తే. హేచరీలు నడిపేవాళ్లకు ఈ మాట రుచించలేదు, రుచిస్తుందని ఆశించడమూ అన్యాయమే.

జన్యుపరీక్షల్లో అసలు ఎవరూ వెతకనివి కూడా బయటపడతాయి. 2001లో అమెరికాలోని ఒమాహా జూలో ఆడవే ఉన్న తొట్టిలో ఓ సొరచేప పిల్ల పుట్టింది. ఎప్పుడో కలిసిన మగదాని వీర్యం తల్లి దాచుకుందేమో అనుకున్నారు. 2007లో డీఎన్ఏ ఫలితం వచ్చింది: తండ్రే లేడు. సరే, తొట్టిలో జరిగే వింత అని సరిపెట్టుకున్నారు. 2015లో ఆ మాట కూడా నిలవలేదు. ఫ్లోరిడా నదీముఖాల్లో రంపపు చేపల సంతతిలో రక్తసంబంధ జతలు పెరుగుతున్నాయా అని 190 నమూనాలు పరీక్షిస్తుంటే, ఏడింటిలో తల్లి జన్యువులే తప్ప మరేమీ కనిపించలేదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాల్సిన జన్యు ప్రతులు, పరీక్షించిన దాదాపు ప్రతి చోటా రెండూ ఒకేలా ఉన్నాయి. అవి ఈడుకు తగ్గట్టు పెరిగి, స్వేచ్ఛగా తిరుగుతున్న చేపలు. మగవి దొరకనంత పలచబడ్డ చోట ఆడవి ఇలా ఒంటరిగా కంటున్నాయేమో అని పరిశోధకుల అనుమానం. నాకైతే ఇది ప్రకృతి అద్భుతంలా కన్నా ప్రమాద ఘంటలా వినిపిస్తుంది.

చుట్టరికంతో జనాభా లెక్క కూడా తీయొచ్చు. పిల్లల్లో తల్లో తండ్రో ఒక్కరే ఉమ్మడిగా ఉన్న తోబుట్టువులు ఎన్ని దొరికాయో చూసి, తల్లిదండ్రులు ఎన్ని ఉండాలో అంచనా కడతారు. ఒక్క పెద్ద చేపనూ పట్టకుండానే, తూర్పు ఆస్ట్రేలియా వైపు తెల్ల సొరచేపల్లో ఈడొచ్చినవి సుమారు 750 అని 2018లో అలాగే తేల్చారు.

సాకై విషయానికొస్తే, 2014లో 1,500కు పైగా తిరిగొచ్చాయి. ఆ మరుసటి వేసవిలో నది నీళ్లు వేడెక్కాయి. అంత జాగ్రత్తగా జతకట్టించి పెంచిన వాటిలో ఎక్కువ భాగం సరస్సు దాకా రాకుండా దారిలోనే చచ్చిపోయాయి.