క్రిబ్ చేపను గుర్తుపట్టడం ఎట్ల?

తిరుపతి

చిరంజీవులకు తాత ఆశీస్సులు.

గాజు తొట్టిలోకి క్రిబెన్సిస్, అంటే క్రిబ్ అనే రంగుచేపల జత కొంటామని, ఆడామగా ఎట్ల తెలుసుకోవాలో చెప్పమని రాశారు. అంగడికి పోయే ముందు ఇంట్లోనే ఒక పని చేయండి. ఈసారి కూరకు జిలేబి చేప తెచ్చినప్పుడు, కడగక ముందే దాని మూతి చూడండి. ఒక్కో పక్క ఒక్కటే ముక్కు రంధ్రం కనిపిస్తుంది. అదే బొచ్చెకైతే ఒక్కో పక్క రెండుంటాయి. ఒంటి పక్కన పొలుసుల మీద సాగే సన్నగీత కూడా జిలేబికి సగంలో తెగి, కొంచెం కింద మళ్ళీ మొదలవుతుంది. ఇవి సిక్లిడ్ కుటుంబం గుర్తులు. జిలేబిది ఆఫ్రికా, 1952లో మన దేశానికి తెచ్చారు. క్రిబ్ దానికి దాయాది. కానీ జిలేబి తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని పొదిగితే, క్రిబ్ గుహ వెతుక్కుంటుంది.

క్రిబ్ సొంత ఊరు దక్షిణ నైజీరియా, దాని పక్కనున్న కామెరూన్ తీరపు ఏర్లు. 1901లో బౌలెంజర్ అనే శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు. శాస్త్రీయ నామం పెల్వికక్రోమిస్ పుల్కర్. పుల్కర్ అంటే లాటిన్‌లో అందమైనది. క్రిబెన్సిస్ అన్నది కామెరూన్‌లోని క్రిబి ఊరి పేరు మీద దీని చుట్టపు చేపకు పెట్టింది. అంగళ్ళలో ఆ పేరు ఈ చేపకు అతుక్కుని ఊడి రాలేదు.

ఇక గుర్తులు. మూతి నుంచి కంటి మీదుగా తోక దాకా నల్లటి పట్టీ రెండింటికీ ఉంటుంది, దాన్ని చూసి ఏమీ తేల్చలేరు. మగది నాలుగు అంగుళాల దాకా పెరుగుతుంది, ఒళ్ళు సన్నం. వీపు రెక్క, కింది రెక్క చివర్లు సూదిగా సాగుతాయి. తోక నడిమి భాగం వెనక్కి పొడుచుకొచ్చి పార ఆకారంలో ఉంటుంది. ఆడది మూడంగుళాలు, గుండ్రటి ఒళ్ళు, రెక్కల చివర్లు మొద్దు. పొట్ట మీద నేరేడు, చెర్రీ కలిసినట్టు ఎర్రటి మచ్చ. పొట్ట ఎరుపు మగదానికీ కొంత ఉంటుంది కాబట్టి రంగొక్కటే నమ్మొద్దు, రెక్కల చివర్లు చూడండి. అంగుళమున్న పిల్లల్లో ఇవేవీ తేలవు. అందుకే చిన్నవి కొనాలంటే ఆరు కొని, పెరిగాక జత కట్టినవాటిని ఉంచుకోండి. తెల్లటి ఒళ్ళు, ఎర్ర కళ్ళున్నది కూడా ఇదే జాతి, వేరే చేప కాదు.

పెళ్ళిచూపులు ఇక్కడ తిరగబడతాయి. ఆడదే మగదాని ముందుకొచ్చి, ఒళ్ళు విల్లులా వంచి, ఎర్ర పొట్ట చూపిస్తూ వణుకుతుంది.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి ఒక జతకు చాలు. నీళ్ళు యాభై లీటర్ల పైన పడతాయి. అడుగున సన్న ఇసుక పరవండి, వీటికి తవ్వే అలవాటుంది. గుహకు ఖర్చు పెట్టొద్దు. కొబ్బరి చిప్పను పీచు లేకుండా గీకి, నీళ్ళు రంగు దిగడం ఆగేదాకా ఉడకబెట్టి, అంచున రెండు వేళ్ళు పట్టే కంత చేసి బోర్లించండి. స్పాంజ్ ఫిల్టర్ పెట్టి మూడు నాలుగు వారాలు నడిచాకే చేపల్ని వదలండి. మలం నుంచి వచ్చే అమ్మోనియాను తినే సూక్ష్మజీవులు అంతకంటే ముందు స్పాంజ్‌లో సరిపడా పెరగవు. తొందరపడితే చేపలు నీటి పైకొచ్చి ఎగపోస్తాయి. రెండో జతను పెట్టొద్దు, కొట్టుకుంటాయి.

అసలు చిక్కు మన నీళ్ళతో. బోరు నీళ్ళు కాచే గిన్నెలో తెల్లటి పొర కడుతుంది చూశారా? ఆ సున్నమే నీళ్ళను క్షారం వైపు పట్టి ఉంచుతుంది. క్రిబ్ పిల్లలు ఆడవవుతాయా మగవవుతాయా అన్నదాన్ని మొదటి నెలలో నీటి పీహెచ్, అంటే ఆమ్ల క్షారాల కొలత, కూడా ప్రభావితం చేస్తుంది. ఆమ్లపు నీళ్ళలో మగవి ఎక్కువ, క్షారం వైపైతే ఆడవి ఎక్కువ. అట్లని నిమ్మకాయ పిండకండి. నీళ్ళలోని బైకార్బొనేట్ ఆ పులుపును మింగేసి పీహెచ్‌ను మళ్ళీ పైకి తెస్తుంది. మీరు పిండుతూ పోతే అది అయిపోయిన రోజు ఒక్కసారిగా పడిపోయి చేపలు చస్తాయి. సగం బోరు నీళ్ళు, సగం ఆర్‌ఓ నీళ్ళు కలపండి. వీధిలో రాలిన బాదం ఆకు, ఎండినది ఒకటో రెండో వేస్తే నీళ్ళు డికాషన్ రంగుకు వస్తాయి, కొంచెం ఆమ్లం వైపు వస్తాయి కూడా. కుళాయి నీళ్ళైతే బకెట్లో ఒక రోజు ఉంచితే క్లోరిన్ పోతుంది. వారానికి నాలుగో వంతు మార్చండి, అంతకు మించి వద్దు.

ఆడది చిప్పలోంచి బయటికి రాక, మగది కంత ముందు కావలి కాస్తే గుడ్లు పెట్టిందని అర్థం. యాభై నుంచి రెండు మూడు వందల దాకా పెడుతుంది. మూడు రోజులకు పగులుతాయి, ఇంకో నాలుగైదు రోజులకు పిల్లలు ఈదుతాయి. చిప్పెత్తి చూశారో, తల్లే తినేస్తుంది. మొదటిసారి పెట్టిన గుడ్లు పోయినా కంగారు వద్దు, కొత్త జతలు తరచూ అట్లే చేస్తాయి. పిల్లలు ఈదగానే అప్పుడే పుట్టిన ఆర్టీమియా, అంటే రొయ్యలాంటి సన్న ఉప్పునీటి పురుగుల్ని, వేయండి, రోజుకు మూడుసార్లు, చిటికెలో సగం.

మే నెలలో తొట్టి నీళ్ళు ముప్పై రెండు డిగ్రీలు దాటితే ఐసు ముక్కలు వేయకండి, నీళ్ళు నింపి గడ్డకట్టించిన సీసాను పైన తేలనివ్వండి. అన్నట్టు, బాదం ఆకులు ఇప్పుడే ఏరి నీడలో ఎండబెట్టుకోండి, వాన మొదలైతే రాలినవన్నీ మురిగిపోతాయి.

ఇట్లు,
మీ తాత