కంచ గచ్చిబౌలి: మాట్లాడుకోని ఎనిమిది నెలలు

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ చర్చకు వచ్చినప్పుడల్లా టీవీల్లో అవే దృశ్యాలు తిరుగుతాయి. రాత్రిపూట లైట్లు వేసుకుని కదిలే జేసీబీలు, చీకట్లో నెమళ్ల అరుపులు, విద్యార్థులను వ్యాన్లలోకి ఎక్కిస్తున్న పోలీసులు. ఆ నేలను చదును చేయడానికి ప్రభుత్వం జేసీబీలు దింపింది 2025 మార్చి 30న. ఉగాది, పైగా ఆదివారం. కథను ఆ రోజు నుంచి మొదలుపెడితే ఇది పోలీసులకూ విద్యార్థులకూ మధ్య జరిగిన తోపులాటలాగే కనిపిస్తుంది. ముడి మాత్రం అంతకు ఎనిమిది నెలల ముందే, 2024 జూలైలో పడింది.

ఆరు సూత్రాల పథకం, 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పుట్టుక, దానికి కేటాయించిన సుమారు 2,300 ఎకరాలు... ఇదంతా చాలామంది చాలాసార్లు రాశారు. దాటేస్తున్నాను. 2003లో చంద్రబాబు ప్రభుత్వం క్రీడా సదుపాయాల పేరుతో ఐఎంజీ భారత సంస్థకు ఈ 400 ఎకరాలు ఇవ్వడం, 2006లో వైఎస్ ప్రభుత్వం రద్దు చేయడం, ఆ రద్దు మీద ఏళ్ల తరబడి సాగిన కోర్టు కేసు కూడా అంతే. 2024 మార్చిలో హైకోర్టు రద్దును సమర్థించింది. మే నెలలో సుప్రీంకోర్టు ఆ సంస్థ అప్పీలును కొట్టేసింది. భూమి ప్రభుత్వం చేతికి వచ్చింది. వెంటనే దాన్ని తెలంగాణ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థకు (టీజీఐఐసీ) అప్పగించారు.

ఆ తర్వాత జరిగిందే ఈ కథకు కీలకం. 2024 జూలై 19న విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్ సమక్షంలోనే సర్వే చేసి హద్దులు గుర్తించామని టీజీఐఐసీ అంటుంది. హద్దుల సర్వే ఏదీ జరగలేదు, నేల తీరు ఎలా ఉందో ప్రాథమికంగా చూసి వెళ్లారంతే అని విశ్వవిద్యాలయం అంటుంది. ఇద్దరిలో ఎవరి మాట నిజమన్నది కోర్టుకే వదిలేద్దాం. నాకు ముఖ్యంగా తోచింది వేరే విషయం. విశ్వవిద్యాలయం ఈ వివరణను బయటపెట్టింది 2025 మార్చి 31న, అంటే జేసీబీలు దిగిన మర్నాడు. సంబంధం ఉన్న అందరితో సంప్రదించి వారి అభిప్రాయాలను ప్రభుత్వానికి తెలియజేస్తామని కూడా ఆ ప్రకటనలోనే చెప్పింది.

సంప్రదించడానికి ఎనిమిది నెలల టైమ్ ఉంది. ఒక సెమిస్టర్ పూర్తిగా గడిచి, రెండోది సగానికి వచ్చింది. వేల మంది విద్యార్థులున్న క్యాంపస్ అది. ఒక మ్యాప్ గోడకు అంటించి, ఇదిగో ఈ గీత దాకా మనది అంటున్నాం, ఆ గీత దాకా ప్రభుత్వం తనది అంటోంది, ఈ చెరువులు ఇటు పడతాయి, ఈ రాళ్లు అటు పడతాయి అని చెప్పి, మీరేమంటారని అడగడానికి పెద్ద ఖర్చేమీ కాదు. విద్యార్థులతో చర్చ నడపడమంటే సెమినార్ హాల్లో మైకులు పెట్టి వక్తలకు శాలువాలు కప్పడం కాదు. కాగితాలు వాళ్ల ముందు పెట్టి, నిర్ణయం ఇంకా జరగకముందే అడగాలి. ఈ వ్యవహారంలో కాగితాలూ బయటికి రాలేదు, అడగాల్సిన సమయంలో అడగనూ లేదు.

విద్యార్థుల దగ్గర చెప్పడానికి ఏమీ లేకపోతే అది వేరే సంగతి. కానీ వాళ్ల దగ్గర ప్రభుత్వం దగ్గర లేని సరుకుంది. తెల్లవారుజామున బైనాక్యులర్లు మెడలో వేసుకుని ఆ బండల మధ్య తిరిగిన విద్యార్థులు, పూర్వ విద్యార్థులు, పరిశోధకులు ఏళ్లుగా జాబితాలు రాస్తూ వచ్చారు. 230కి పైగా పక్షి జాతులు, 700కి పైగా మొక్కల జాతులు. చుక్కల దుప్పులు, నక్షత్ర తాబేళ్లు. హైదరాబాద్ పేరునే తన శాస్త్రీయ నామంలో మోస్తున్న ఒక సాలీడు, మురీసియా హైదరాబాదెన్సిస్. పీకాక్ లేక్, బఫెలో లేక్ అని పిల్లలు పిలుచుకునే చెరువులు. మష్రూమ్ రాక్. ఇవన్నీ చూడాలని చూసిన కళ్లకే కనబడతాయి. రెవెన్యూ రికార్డులో మాత్రం అది సర్వే నంబర్ 25, అంతే.

2025 మార్చిలో అసలు మలుపు ఇక్కడే వచ్చింది. అప్పటిదాకా అందరి నోటా ఉన్న ప్రశ్న ఒక్కటే, భూమి ఎవరిది? ఆ ప్రశ్నలో విశ్వవిద్యాలయం బలహీనంగా ఉంది. స్వాధీనంలో ఉన్నా, హక్కు పత్రం తన పేరిట లేదు. పైగా 2004లో 534 ఎకరాలు ప్రభుత్వానికి తిరిగిచ్చి, బదులుగా గోపనపల్లిలో 397 ఎకరాలు తీసుకుందని ప్రభుత్వం వాదిస్తోంది. ఈ లెక్కలో విద్యార్థులు గెలవడం కష్టం. భూమిని విశ్వవిద్యాలయం పేరిట రిజిస్టర్ చేయాలన్న డిమాండును వాళ్లు వదల్లేదు గానీ, దాని పక్కనే ఇంకో ప్రశ్న పెట్టారు. భూమి ఎవరిదైనా కానివ్వండి, దాని మీద ఉన్నదేమిటి? మామూలుగా ఒకే వేదిక మీద కనబడని విద్యార్థి సంఘాలు ఈ ఒక్క ప్రశ్న దగ్గర కలిశాయి. ఇందులో ఎవరి జెండా ఎక్కువ కనిపించిందని వెతకడం నాకు అనవసరమనిపిస్తుంది.

చట్టం కూడా ఆ రెండో ప్రశ్న వైపే ఉంది. రికార్డుల్లో ఏ పేరున్నా, నిఘంటువు అర్థంలో అడవిలా ఉంటే అడవిగానే చూడాలని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే గోదావర్మన్ కేసులో చెప్పింది. అలాంటి నేలలను గుర్తించే నిపుణుల కమిటీలు వేయాలని 2025 మార్చి 4న రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. తెలంగాణ ఆ కమిటీని మార్చి 15న వేసింది. కమిటీ పని మొదలుకాకముందే, పదిహేను రోజుల్లో, జేసీబీలు దిగాయి. అంత తొందరేమొచ్చిందని కోర్టు అడిగింది అందుకే.

ప్రభుత్వ వాదన చెప్పకపోతే అన్యాయం. ఈ భూమి ఎన్నడూ అటవీ భూమి కాదని, కోర్టులో పోరాడి దక్కించుకున్నామని, అభివృద్ధి చేస్తే 50 వేల కోట్ల పెట్టుబడులు, 5 లక్షల ఉద్యోగాలు వస్తాయని టీజీఐఐసీ లెక్క చెప్పింది. అక్కడ పులులూ లేవు, జింకలూ లేవు, గుంట నక్కలే ఉన్నాయని ముఖ్యమంత్రి అసెంబ్లీలో అన్నారు. ఈ మాట విద్యార్థులకు ఎక్కడ తగిలిందో వాళ్ల పోస్టర్లు చూసినవాళ్లకు తెలుసు.

ఇది ఒక్క గచ్చిబౌలి కథ కూడా కాదు. 2024 జనవరిలో రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం భూమిలో 100 ఎకరాలు కొత్త హైకోర్టుకు కేటాయించినప్పుడు అక్కడి విద్యార్థులు ఇలాగే రోడ్డెక్కారు. ఒక విద్యార్థి నాయకురాలిని స్కూటర్ మీద వెళ్తున్న మహిళా పోలీసులు జుట్టు పట్టి లాగిన వీడియో అప్పుడు ఊరంతా చూసింది. ఇక 2025 మార్చి 13న ఉస్మానియా విశ్వవిద్యాలయం ధర్నాలు, నినాదాలు వద్దంటూ సర్క్యులర్ తెచ్చింది. గదిలో పిలిచి అడగరు, వరండాలో అరవనివ్వరు.

ఏప్రిల్‌లో తేదీలు వేగంగా కదిలాయి. 2న పనులు ఆపమని హైకోర్టు చెప్పింది. 3న సుప్రీంకోర్టు తనంతట తానే (సుమోటోగా) కేసు తీసుకుని, హైకోర్టు రిజిస్ట్రార్‌ను స్వయంగా వెళ్లి చూసి రమ్మంది. దాదాపు 100 ఎకరాల్లో చెట్లు పోయాయని తేలింది. మే 15న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ గవాయ్, వరుస సెలవులు చూసుకుని పని మొదలుపెట్టడం ముందే అనుకుని చేసినట్టుందని వ్యాఖ్యానించారు. ఆగస్టు 13న, అభివృద్ధికి తాము వ్యతిరేకం కాదంటూనే, అడవిని తిరిగి నిలబెట్టే ప్రణాళికతో రమ్మని ప్రభుత్వానికి టైమ్ ఇచ్చారు.

సుప్రీంకోర్టు పనులు ఆపిన ఏప్రిల్ 3నే ఇంకో నిర్ణయం కూడా వెలువడింది. విశ్వవిద్యాలయ కార్యవర్గంతో, విద్యార్థులతో, పౌర సంఘాలతో మాట్లాడేందుకు ప్రభుత్వం మంత్రుల కమిటీ వేసింది. భట్టి విక్రమార్క, శ్రీధర్ బాబు, పొంగులేటి శ్రీనివాసరెడ్డి అందులో సభ్యులు. ఆ మర్నాటి నుంచి 16వ తేదీ వరకు ఆ 400 ఎకరాల్లోకి బయటివాళ్లెవరూ అడుగుపెట్టకూడదని పోలీసుల ఆంక్షలు అమల్లోకి వచ్చాయి.