బానెట్ కింద రంగులు: మోడల్ కార్ల ఇంజన్లపై అపోహలు, వాస్తవాలు

ప్లాస్టిక్ కిట్‌తో నేను కట్టిన తొలి 1965 ఫోర్డ్ మస్టాంగ్ మోడల్ ఇంజన్‌కు ముదురు నీలం వేశాను. ఫోర్డ్ ఇంజన్ అంటే నీలమేనని ఎవరో అనగా విన్నాను, అంతే. పొరపాటు తెలిసేసరికి ఇంజన్ కారులో అతుక్కుపోయింది. ఆ మోడల్ ఇప్పటికీ నా అలమరలో ఉంది. ఎవరైనా అడిగితే బానెట్ మూసే చూపిస్తాను. 1960లు, 70ల అమెరికన్ కార్లను 1/25 స్కేలులో, అంటే అసలు కారులో ఇరవై అయిదో వంతు సైజులో, కట్టేవాళ్ళ మధ్య ఇలాంటి నమ్మకాలు చాలానే తిరుగుతున్నాయి.

అపోహ: ఒక కంపెనీకి ఒకటే ఇంజన్ రంగు.

వాస్తవం: ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఫోర్డ్ తన ఇంజన్లన్నింటికీ నీలం వేయడం 1966 మోడళ్ళతో మొదలైంది. అంతకు ముందు ఏడాది మస్టాంగ్‌లో మామూలు 289 వి8కు (289 ఘనపు అంగుళాల ఎనిమిది సిలిండర్ల ఇంజన్) బ్లాక్, అంటే ఇంజన్ ప్రధాన దిమ్మ, నలుపు; వాల్వ్ కవర్లు (ఇంజన్ పైమూతలు), ఎయిర్ క్లీనర్ బంగారు రంగు. అదే 289లో ఎక్కువ శక్తి ఉన్న రకానికి వాల్వ్ కవర్లు క్రోమ్. షెవ్రొలే 1955లో తెచ్చిన చిన్న వి8 అనగానే అందరికీ నారింజ రంగే గుర్తొస్తుంది. కానీ 1977లో ఆ నారింజ పోయి నీలం వచ్చింది. 1978 షెవ్రొలే కమారో బానెట్ ఎత్తితే నారింజ ఇంజన్ కనిపించిందంటే, కట్టినవారు సంవత్సరం చూసుకోలేదన్నమాటే.

క్రైస్లర్ సంగతి ఇంకా తమాషా. 1969లో ఒకే ఫోర్-బ్యారెల్ కార్బ్యురేటర్ (గాలి, పెట్రోలు కలిపే భాగం; బ్యారెల్ అంటే అందులోని గాలి దారి) ఉన్న 440 ఇంజన్‌కు టర్కాయిస్, అంటే ఆకుపచ్చ ఛాయ కలిసిన నీలం. అదే 440 మీద మూడు టూ-బ్యారెల్ కార్బ్యురేటర్లు కూర్చోబెట్టిన ‘సిక్స్ ప్యాక్’కు నారింజ. 1972కు వచ్చేసరికి కంపెనీ నీలానికి మళ్ళింది. కాబట్టి కారు పేరు తెలిస్తే చాలదు. ఏ సంవత్సరం, ఏ ఇంజన్, దాని మీద ఏ కార్బ్యురేటర్ అన్నది తేలాకే బ్రష్ పట్టుకోవాలి.

అపోహ: రంగు తెలియకపోతే సిల్వర్ వేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఆ ఇంజన్లలో అత్యధికం పోత ఇనుమువి. ఇనుమును వట్టిగా వదిలేస్తే తుప్పు పడుతుంది, అందుకే రంగు వేసేవారు. సిల్వర్ నప్పేది కమారో జెడ్/28 లాంటి వాటిలో వచ్చిన అల్యూమినియం ఇన్‌టేక్ మానిఫోల్డుకు, అంటే సిలిండర్లకు గాలి, పెట్రోలు మిశ్రమం పంచే గొట్టాల భాగానికి. కర్మాగారంలో ఇంజన్‌ను చాలావరకు బిగించాకే రంగు చల్లేవారు కనుక బోల్టు తలలూ బ్లాక్ రంగులోనే ఉంటాయి. వాటి మీద సూదిమొనతో సిల్వర్ చుక్కలు పెట్టి మురిసిపోయేవాళ్ళున్నారు. నేనూ పెట్టాను, రెండు రాత్రులు కూర్చుని మరీ. పొగ బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డు మీద పడిన రంగు మాత్రం వేడికి త్వరలోనే మాడిపోయి, కింద ఇనుము బయటపడుతుంది. దానికి నేను టామియా కంపెనీ మోడల్ రంగుల్లో ఎక్స్‌ఎఫ్-56 మెటాలిక్ గ్రేలో ఎక్స్‌ఎఫ్-64 రెడ్ బ్రౌన్ కొద్దిగా కలుపుతాను.

అపోహ: అసలు కారు ఇంజన్‌కు వేసే స్ప్రే పెయింటే అచ్చమైన రంగు.

వాస్తవం: రంగు అచ్చమైనదే కావచ్చు, మోడల్ మీద పడగానే బొమ్మ కారులా కనిపిస్తుంది. పైగా అందులోని ఘాటైన ద్రావకాలు మోడల్ కిట్ల పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను కొరికేసే ప్రమాదం ఉంది. రంగు పొర మందం 0.05 మిల్లీమీటర్లే అనుకున్నా, 1/25 స్కేలులో అది 1.25 మిల్లీమీటర్ల పూతతో సమానం. చిన్న చిన్న గీతలు, బోల్టులు అందులో మునిగిపోతాయి. చూసే దూరం కూడా లెక్కలోకి వస్తుంది. మోడల్‌ను 30 సెంటీమీటర్ల నుంచి చూడడమంటే అసలు కారును ఏడున్నర మీటర్ల దూరం నుంచి చూడడం. అంత దూరంలో ఏ రంగైనా కాస్త వెలిసినట్టే ఉంటుంది, మెరుపూ తగ్గుతుంది.

షెవ్రొలే నారింజ కమలాపండు రంగు కాదు, హనుమంతుడి సింధూరానికి దగ్గర. నేను టామియా ఎక్స్-6 ఆరెంజ్‌లో ఎక్స్-7 ఎరుపు చుక్క చుక్కగా కలిపి, చివర్లో తెలుపు అతి కొద్దిగా వేస్తాను. పైన వేసే ఎక్స్-22 క్లియర్‌లో మెరుపు తగ్గించే ఎక్స్-21 ఫ్లాట్ బేస్ కొంచెం కలిపితే సరిపోతుంది. ఫ్లాట్ బేస్ ఎక్కువైతే తెల్లటి పొర కమ్ముతుంది, కాబట్టి ముందు పనికిరాని ప్లాస్టిక్ ముక్క మీద వేసి చూడండి.

అపోహ: ప్రదర్శనల్లో పెట్టిన పాత కారు ఫొటో దొరికితే ఇక వెతకక్కర్లేదు.

వాస్తవం: ఆ కార్లలో చాలావాటిని కొత్తలో ఉన్నదానికంటే నిగనిగలాడేలా తీర్చిదిద్దుతారు. ఆనాడు కర్మాగారంలో రంగు గబగబా చల్లేవారు. మరకలూ, పక్క భాగాల మీద తుంపరలూ మామూలే. ఫొటో తీసిన వెలుతురును బట్టి ఒకే నారింజ ఒకచోట ఎరుపుగా, మరోచోట పసుపుగా పడుతుంది. ఒక్క ఫొటోను నమ్మకుండా, మరమ్మతు చేయని కార్ల ఫొటోలు నాలుగైదు పక్కపక్కన పెట్టుకుని చూడండి.

అపోహ: సైనిక వాహనమైతే ఇంజన్‌తో సహా అంతా ఒకే ఆకుపచ్చ.

వాస్తవం: రెండో ప్రపంచ యుద్ధపు జీపునే తీసుకోండి. విల్లీస్ తయారుచేసిన ఎంబీ ఇంజన్‌కు ఆలివ్ రంగు, అదే నమూనాలో ఫోర్డ్ తయారుచేసిన జీపీడబ్ల్యూ ఇంజన్‌కు బూడిద రంగు. బయటికి చూస్తే రెండు జీపులూ కవలల్లా ఉంటాయి. మీ కిట్ పెట్టె మీద ఏ పేరు ఉందో చూసి ఇంజన్ రంగు కలపండి.