కణం వయసు చూసి కాపురం: చర్మంలో హెర్పిస్ వైరస్‌లు

ప్రయోగశాలలో ఆరోగ్యకరమైన చర్మపు ముక్క మీద పెదవుల మీద, జననాంగాల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ దండిగా ఉన్న ద్రవాన్ని పోసి గంటల తరబడి ఉంచినా ఏమీ జరగదు. అదే ముక్కను డిస్పేస్ అనే ఎంజైములో నానబెట్టి, పైచర్మాన్ని లోపలి చర్మం నుంచి పలచటి పొరగా ఒలిచి, అడుగు వైపు ద్రవానికి తగిలేలా తేలవేస్తే ఫలితం తారుమారవుతుంది. కొన్ని గంటల్లోనే అడుగు వరస కణాల కేంద్రకాల్లో వైరస్ తొలి ప్రోటీన్లు కనబడతాయి. వైరస్ అదే, చర్మమూ అదే. మారిందల్లా వైరస్‌కు ఎదురుపడ్డ కణాల వయసు, అవి ఉన్న చోటు.

పైచర్మంలో నూటికి తొంభై దాకా కెరటినోసైట్లు అనే కణాలే. ఇవన్నీ అడుగున, ఒకే వరసలో ఉండే ఆధార పొరలో పుడతాయి. అక్కడి కణాలే విభజన చెందగలవు. ఒక కణం ఆ వరసను వదిలి పైకి జరిగిందంటే విభజన ఆపేసి ముదరడం మొదలుపెడుతుంది. ఆధార పొరలో కెరటిన్-5, కెరటిన్-14 అనే నార ప్రోటీన్లు తయారుచేసిన కణమే, దాని మీదున్న ముళ్ల పొరకు చేరగానే కెరటిన్-1, కెరటిన్-10 చేయడం మొదలుపెడుతుంది. ఆ పైన రేణు పొరలో ఫిలాగ్రిన్, లోరిక్రిన్ అనే కవచపు ప్రోటీన్లు పోగుపడతాయి. చివరికి కేంద్రకం కరిగిపోయి, కణం కెరటిన్ నిండిన బిళ్లగా మారి కొమ్ము పొరలో చేరుతుంది. పుట్టినప్పటి నుంచి పొట్టుగా రాలేదాకా సుమారు 4 వారాలు. ఈ ఎదుగుదలను నడిపే సంకేతాల్లో ముఖ్యమైనది కాల్షియం: అడుగున తక్కువ, రేణు పొర దగ్గర ఎక్కువ.

శరీరంలో చాలా చోట్ల కొమ్ము పొర మందం 10 నుంచి 20 మైక్రోమీటర్లు. హెర్పిస్ సింప్లెక్స్ కణిక వ్యాసం సుమారు 200 నానోమీటర్లు, అంటే ఆ పొర మందంలో 50 నుంచి 100వ వంతు. కొమ్ము పొరలోవి చచ్చిన కణాలు. వాటికి కేంద్రకం లేదు కాబట్టి అంటుకున్నా వైరస్‌కు అక్కడ చేసుకునేందుకు పనేమీ లేదు. దాని కింద రేణు పొరలో పక్కపక్క కణాలను నీరు కూడా సులువుగా దూరలేనంత గట్టిగా కుట్టేసే బిగువు సంధులున్నాయి. 200 నానోమీటర్ల వస్తువుకు అక్కడ సందు దొరకదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పై కణాలకు వైరస్‌ను పట్టుకునే గ్రాహకాలు లేవేమో, అందుకే సోకడం లేదేమో అనుకుంటారు. హెర్పిస్ సింప్లెక్స్ ముందుగా కణం మీదున్న హెపరాన్ సల్ఫేట్ గొలుసులకు తగులుకుంటుంది. తర్వాత దాని తొడుగు మీది జిడి అనే ప్రోటీన్ నెక్టిన్-1 అనే గ్రాహకాన్ని పట్టుకుంటుంది. ఆ పట్టు దొరికాక జిహెచ్-జిఎల్ జంట, జిబి కలిసి వైరస్ తొడుగును కణపు పొరతో కలిపేస్తాయి. ఈ నెక్టిన్-1 ఒక కణాన్ని పక్క కణానికి అతికించే జిగురు ప్రోటీన్లలో ఒకటి. అందుకే సజీవంగా ఉన్న పొరలన్నిటిలోనూ అది ఉంటుంది, కాకపోతే కణాల మధ్య సంధుల్లో దాగి ఉంటుంది. గ్రాహకానికి కొరత లేదు, అక్కడికి చేరే దారికే కొరత.

దారి ఎక్కడ తెరుచుకుంటే సోకడం అక్కడ మొదలవుతుంది. పెదవి లోపలి వైపు, జననాంగాల శ్లేష్మపు పొరలో కొమ్ము కవచం పలచగా ఉంటుంది లేదా అసలు ఉండదు. కుస్తీ పట్టేవాళ్లకు ముఖం, మెడ మీద ఒరిపిడి పడిన చోట, దంతవైద్యులకు గోరు పక్క చీలికలో ఈ పొక్కులు రావడానికి కారణమూ అదే. ఎగ్జిమా ఉన్నవారిలో మరీ ప్రమాదకరం. ఫిలాగ్రిన్ లోపం, వాపు వల్ల కవచం ఒకచోట కాదు, పెద్ద విస్తీర్ణంలో దెబ్బతిని ఉంటుంది. అప్పుడు వైరస్ జానెడు మేర ఒక్కసారిగా పాకుతుంది. 1887లో మోరిట్జ్ కపోసి వర్ణించిన ఈ స్థితి పసిపిల్లల్లో ప్రాణం మీదికి తెస్తుంది. ఎగ్జిమా ఉన్న బిడ్డకు ఒకే తీరుగా, గుంట పడిన చిన్న పుండ్లు గుంపులుగా లేచి జ్వరం వస్తే అది మామూలు ఎగ్జిమా ముదరడం అనుకుని పూతమందుతో సరిపెట్టకూడదు. అదే రోజు డాక్టరుకు చూపించాలి.

లోపలికి వెళ్లాక కణం వయసు మరోలా పట్టించుకోవాల్సి వస్తుంది. వైరస్ పెంకు కేంద్రకం దాకా ప్రయాణించి తన 1,52,000 జతల అక్షరాల డిఎన్‌ఏను అందులోకి వదులుతుంది. వెంట తెచ్చుకున్న విపి16 అనే ప్రోటీన్ కణంలోని ఆక్ట్-1, హెచ్‌సిఎఫ్-1 ప్రోటీన్లతో చేయి కలిపి తొలి జన్యువులను మేల్కొలుపుతుంది. ఆ తర్వాత డిఎన్‌ఏ నకళ్లు, ఆపైన పెంకు, తొడుగు ప్రోటీన్లు. మొత్తం చక్రం ఒక రోజులోపే, ఇంచుమించు 18 గంటల్లో ముగుస్తుంది.

డిఎన్‌ఏ నకలు తీయాలంటే ముడిసరుకు కావాలి. విభజన చెందే ఆధార కణంలో ఆ ముడిసరుకైన న్యూక్లియోటైడ్లు, అంటే డిఎన్‌ఏ అక్షరాలు, పుష్కలం. విభజన మానేసిన ముళ్ల పొర కణంలో ఆ కొట్టు మూతపడి ఉంటుంది. పులిపిర్లు తెచ్చే పాపిలోమా వైరస్‌కు ఇదే చిక్కు. దానికి డిఎన్‌ఏ నకలు తీసే ఎంజైము, అంటే డిఎన్‌ఏ పాలిమరేజ్, సొంతంగా లేదు కాబట్టి, ముదిరిన కణాన్ని మోసపుచ్చి మళ్లీ డిఎన్‌ఏ తయారీ దశలోకి నెట్టాలి. హెర్పిస్ వైరస్‌లకు ఆ అగత్యం లేదు. సొంత డిఎన్‌ఏ పాలిమరేజ్‌తో పాటు, ముడిసరుకు సమకూర్చే థైమిడిన్ కైనేజ్, రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్ కూడా హెర్పిస్ సింప్లెక్స్ తన జన్యువుల్లోనే మోసుకొస్తుంది. అందువల్లే లేత కణంలోనూ, విభజన ఆపేసిన కణంలోనూ, ఎన్నడూ విభజన చెందని నాడీకణంలోనూ అది పెరగగలదు.

ఈ స్వయంసమృద్ధే దాని మెడకు చుట్టుకుంది. ఎసైక్లోవిర్ అనే హెర్పిస్ మందు తనంతట తాను ఏమీ చేయదు. దానికి మొదటి ఫాస్ఫేట్ తగిలించేది వైరస్ తెచ్చిన థైమిడిన్ కైనేజ్. మన కణాల ఎంజైము ఈ మందును దాదాపు ముట్టుకోదు. మిగతా రెండు ఫాస్ఫేట్లు మన ఎంజైములే చేరుస్తాయి. అలా తయారైన అణువు వైరస్ డిఎన్‌ఏ గొలుసులో దూరి దాన్ని అక్కడితో ఆపేస్తుంది. కాబట్టి వైరస్ ఉన్న కణంలోనే మందు విషంగా మారుతుంది. ఈ మందు వెనకున్న పరిశోధనలో ముఖ్యురాలైన గెర్‌ట్రూడ్ ఎలియన్ 1988 నోబెల్ బహుమతి పంచుకున్నవారిలో ఒకరు.

మరి ఎసైక్లోవిర్ పూతమందు అంతంతమాత్రంగా ఎందుకు పనిచేస్తుంది? పొరల లెక్క చూస్తే అర్థమవుతుంది. పూత పైనుంచి దిగాలి. కొమ్ము పొరలో బాగానే పేరుకుంటుంది గానీ వైరస్ పెరుగుతున్న అడుగు పొర చేరేసరికి పలచబడిపోతుంది. మాత్ర రక్తం ద్వారా వస్తుంది కనుక మొదట తగిలేదే ఆధార పొర. దానికి తోడు సమయం కూడా తక్కువ. పొక్కు కంటికి కనబడేసరికే వైరస్ పెరుగుదల జోరందుకుని ఉంటుంది. చిమచిమ మొదలైనప్పుడే మందు పడితే ప్రయోజనం ఎక్కువ. ఆటలమ్మ వైరస్ ఏళ్ల తర్వాత మళ్లీ మేల్కొని తెచ్చే షింగిల్స్‌కైతే దద్దురు లేచిన 72 గంటల్లోపు మాత్రలు మొదలుపెట్టాలని వైద్యులు చెప్పేది అందుకే.

సోకిన ఆధార కణం నుంచి వైరస్ పక్కకూ పైకీ పాకుతుంది. చాలావరకు బయటి ద్రవంలోకి దూకకుండా, జిఇ, జిఐ అనే ప్రోటీన్ల సాయంతో కణాల సంధి దగ్గరే తేలి నేరుగా పక్క కణంలోకి జారుకుంటుంది. దీనివల్ల రక్తంలోని యాంటీబాడీల కంట పడే అవకాశం తగ్గుతుంది. సోకిన కణాలు ఉబ్బుతాయి, ఒకదాన్నొకటి వదిలేస్తాయి, కొన్ని కలిసిపోయి ఐదారు కేంద్రకాలున్న రాక్షస కణాలవుతాయి. ఆ ఖాళీలో ద్రవం చేరితే అదే పొక్కు. 1947లో ఆర్నో జాంక్ ప్రచారంలోకి తెచ్చిన పరీక్ష ఈ రాక్షస కణాల కోసమే. ఇందులో తరచుగా జరిగే తప్పు, పొక్కులోని నీటిని మాత్రమే తీసి గాజుపలక మీద పూయడం. తాజా పొక్కు కప్పు తీసి, అడుగును, అంచును గీకాలి, కణాలుండేది అక్కడే. ఎండి చెక్కు కట్టిన పుండును గీకితే వట్టి చెత్తే దొరుకుతుంది. సరిగ్గా తీసినా ఈ పరీక్ష హెర్పిస్ సింప్లెక్స్‌ను, ఆటలమ్మ వైరస్‌ను విడదీసి చెప్పలేదు. రెండూ ఒకే రకం రాక్షస కణాలను చేస్తాయి. తేడా తేల్చాలంటే పిసిఆర్ చేయాల్సిందే.

ఆటలమ్మ వైరస్ కథే నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోస్తుంది. ఇదీ హెర్పిస్ కుటుంబానిదే, పేరు వరిసెల్లా జోస్టర్. చర్మానికి ఇది బయటినుంచి రాదు. శ్వాసమార్గంలో ప్రవేశించి, టి కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాల్లో ఎక్కి, రక్తం ద్వారా చర్మం కిందికి చేరుతుంది. టి కణాలు దాన్ని త్వరగానే చర్మానికి చేరవేయగలవు. అయినా దద్దురు లేవడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. ఎలుకలకు అతికించిన మానవ చర్మంలో చేసిన ప్రయోగాలు ఈ జాప్యానికి ఒక కారణం చూపాయి: సోకిన కణాల చుట్టూ ఉన్న కెరటినోసైట్లు ఇంటర్‌ఫెరాన్ అనే వైరస్‌ను అడ్డుకునే ప్రోటీన్ చేసి వైరస్‌ను నిలువరిస్తూ ఉంటాయి. ఆ కట్టడి దాటాక గానీ అది పై పొరలకు ఎక్కలేదు.

పైకి ఎక్కితేనే దానికి లాభం. 1950ల మొదట్లో థామస్ వెల్లర్ ఈ వైరస్‌ను కణాల పెంపకంలో పెంచినప్పటి నుంచీ పరిశోధకులను ఒక చిక్కు వేధించింది. కణాలు సోకి చచ్చిపోతున్నా చుట్టూ ఉన్న ద్రవంలో వైరస్ దాదాపు ఉండదు. ఈనాటికీ దాన్ని కొత్త పాత్రలోకి మార్చాలంటే సోకిన కణాలనే తీసి వేయాలి. వడకట్టిన ద్రవం వేస్తే ఏమీ పెరగదు. అదే ఆటలమ్మ పొక్కులోని నీటిలో మాత్రం స్వేచ్ఛగా తిరిగే వైరస్ కణికలు కిక్కిరిసి ఉంటాయి.

దీనికి సమాధానం కణం ముదరడంలో దొరికింది. ఈ వైరస్ తొడుగు ప్రోటీన్ల మీద మానోజ్-6-ఫాస్ఫేట్ అనే చక్కెర గుర్తు ఉంటుంది. కణంలో ఆ గుర్తున్న సరుకును జీర్ణ సంచుల వైపు మళ్లించే గ్రాహకం ఒకటుంది. మామూలు కణాల్లో అది కొత్తగా తయారైన వైరస్‌ను కూడా అలాగే పట్టుకుని, ఆమ్లం నిండిన సంచుల్లోకి తోసి పాడుచేస్తుంది. ముదురుతున్న కెరటినోసైట్లు పై పొరలకు చేరేసరికి ఈ గ్రాహకాన్ని తయారుచేయడం మానేస్తాయి. మళ్లించేవాడు లేక వైరస్ చెక్కుచెదరకుండా బయటపడి పొక్కు నీటిలో చేరుతుంది. ఆటలమ్మ అంత సులువుగా గాలిలో పాకడానికి ఈ పై పొర తయారీ ఒక ముఖ్య కారణం. ప్రయోగశాల కణాల్లో మాత్రం ఆ గ్రాహకం నిక్షేపంగా ఉంటుంది, అందుకే అక్కడ ద్రవం ఖాళీ.

ఇదే కుటుంబంలోని ఎప్‌స్టీన్-బార్ వైరస్ మరో మెట్టు ముందుకు వెళ్తుంది. బి కణాలనే మరో రకం తెల్ల రక్తకణాల్లో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. నోటి పొర కణాల్లో మాత్రం ముదిరిన దశ వచ్చేదాకా ఆగి, కణాన్ని ముదిర్చే బ్లింప్-1, కెఎల్ఎఫ్-4 అనే ప్రోటీన్లనే తన మేలుకొలుపు గంటగా వాడుకుంటుంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో నాలుక పక్కల గీకినా ఊడని తెల్లటి గార కడుతుంది. 1984లో మొదట వర్ణించిన ఈ మచ్చను కోసి చూస్తే వైరస్ తయారీ అంతా పై వరసల్లోనే ఉంటుంది.

ఈ విషయాలను పరీక్షించడానికి వాడే పద్ధతి చూడటానికి సులువు, చేయడానికి కష్టం. కెరటినోసైట్లను లీటరుకు 0.1 మిల్లీమోల్ కన్నా తక్కువ కాల్షియం ఉన్న ద్రవంలో పెంచితే లేతగా ఉంటాయి. 1.2 మిల్లీమోల్, ఆపైకి పెంచితే ఒకటి రెండు రోజుల్లో కెరటిన్-10 కనబడుతుంది, కణాలు ఒకదానికొకటి బిగుసుకుంటాయి. ఇందులో ముంచే తప్పులు ఉన్నాయి. కణాలకు పోషణగా కలిపే రక్తపు సీరంలోనే కాల్షియం ఉంటుంది కాబట్టి అలవాటుగా 10 శాతం సీరం కలిపితే "లేత" కణాలు లేతగా మిగలవు. పాత్ర నిండా కిక్కిరిసినా కణాలు వాటంతటవే ముదరడం మొదలుపెడతాయి. 1988 నుంచి అందరూ వాడే, ప్రయోగశాలలో ఎడతెగక పెరిగే హాకాట్ అనే కెరటినోసైట్లు పెంచడానికి తేలికే గానీ సహజ చర్మకణంలా చివరిదాకా ముదరవు. చర్మపు ముక్కలతో పనిచేస్తే కోసిన అంచుల్లోంచి వైరస్ దూరుతుంది, అంచును వదిలి మధ్య భాగాన్నే లెక్కించాలి. ఇంకొకటి, తొలి ప్రోటీన్ వెలిగిన కణాల సంఖ్య ఎన్ని కణాల్లోకి వైరస్ దూరిందో చెబుతుంది, బయటికి వచ్చిన వైరస్ ఎంతో చెప్పదు. రెండూ విడివిడిగా కొలవకపోతే ముదిరిన కణాల్లో ప్రవేశం తక్కువా, ఉత్పత్తి తక్కువా అన్నది తేలదు.

సొంత చర్మంలో రెండోసారి పొక్కు లేచినప్పుడు కవచం లెక్క వర్తించదు. గాంగ్లియాన్ అనే నాడీకణాల ముడిలో దాగిన హెర్పిస్ సింప్లెక్స్ నాడీతంతువు వెంట లోపలి నుంచే దిగి, తంతువు కొస పైచర్మంలోకి చొరబడే చోట ఆధార కణాలను అందుకుంటుంది. చర్మానికి గీత కూడా పడనక్కర్లేదు. పుండు మాని, చర్మం మామూలుగా కనబడుతున్నా సరిగ్గా ఆ హద్దు దగ్గర, నాడీ కొసలను ఆనుకుని, సోకిన కణాలను చంపే సిడి8 టి కణాలు వారాల తరబడి గుంపుగా నిలిచి ఉంటాయి.